విమానం చూపించి సైన్స్ చెప్పాలంటే: మన స్కూళ్లకు ఏ ట్రిప్ మేలు?

నవంబరు వచ్చేసరికి స్టాఫ్‌రూమ్‌లో టూర్ మాట మొదలవుతుంది. బస్సు ఎవరిది, తలకి ఎంత పడుతుంది, మధ్యాహ్నం భోజనాలు ఎక్కడ అన్నవి ఒక్క పూటలో తేలిపోతాయి. ఏ పాఠం కోసం వెళ్తున్నామన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు ఎవరూ వేయరు. విమానాల చుట్టూ ట్రిప్ వేసుకునేవాళ్లు ఆ ప్రశ్న ముందే వేసుకోవాలి. ఒక్క విమానంలో పీడనం, ఘర్షణ, గమన నియమాలు, ధ్వని, అయస్కాంతత్వం అన్నీ ఉంటాయి. అన్నీ ఒకే రోజు చెప్పబోతే పిల్లలకు ఒక్కటీ మిగలదు.

ఫిజికల్ సైన్స్ టీచరుగా ట్రిప్ ఎంచుకోవడానికి నేను చూసేది ఒకటే. అక్కడ పిల్లలు తమ చేత్తో కొలిచో, తమ కంటితో గమనించో ఒక ప్రశ్నకు జవాబు తెచ్చుకోగలరా? తెచ్చుకోగలిగితే అది చిన్న చోటైనా మంచి ట్రిప్పే. లేకపోతే ఎంత పెద్ద విమానం ముందు నిలబెట్టినా ఫోటోలు తప్ప ఏమీ రావు. ఈ లెక్కన తెలుగు రాష్ట్రాల స్కూళ్లకు అందుబాటులో ఉన్న చోట్లను పోల్చి, ఏ తరగతికి, ఏ జిల్లాకు ఏది సరిపోతుందో నా అభిప్రాయం చెప్తాను.

విశాఖ: టీయూ-142, ఎదురుగా కుర్సుర

ఎనిమిది, తొమ్మిది తరగతులకు నేను మొదట చెప్పేది విశాఖే. బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానం 1988 నుంచి 2017 వరకు మన నౌకాదళంలో పనిచేసింది. జలాంతర్గాములను వెతకడం దాని పని. 2017 మార్చిలో అరక్కోణంలో దానికి వీడ్కోలు పలికాక విశాఖకు తెచ్చి, విడదీసి, బీచ్ దగ్గర మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. పొడవు దాదాపు 53 మీటర్లు, రెక్కల చివరి నుంచి చివరికి 50 మీటర్లు. పిల్లల చేత అడుగులతో కొలిపించండి. సంఖ్య చదివితే ఎక్కని పరిమాణం నడిస్తే ఎక్కుతుంది.

అయితే ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగేది ఇంజన్ల దగ్గర. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ముందూ వెనకా రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో దానికి నాలుగు రెక్కలు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. కింద నిలబడి చూస్తే రెండు వరసల రెక్కలూ వేర్వేరు వైపులకు మెలితిరిగి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు ఏమీ చెప్పకుండా, "రెండిటికీ తేడా ఏంటో చూడండి" అని వదిలేయండి. కాసేపటికి ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ తర్వాత అసలు ప్రశ్న: ఎందుకలా? ఒకే ప్రొపెల్లర్ ఉంటే అది గాలిని వెనక్కి నెట్టడంతో పాటు సుడి కూడా తిప్పుతుంది, ఆ తిప్పడానికి పోయిన శక్తి వృథా. వెనక ప్రొపెల్లర్ ఎదురు తిరిగి ఆ సుడిని సరిచేస్తుంది. ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే విమానాన్ని రెండోవైపు మెలిపెట్టే బలం పుడుతుంది కదా, అదీ రద్దవుతుంది. చర్య, ప్రతిచర్య అన్న రెండు మాటలు బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రాని స్పష్టత ఇక్కడ వస్తుంది. హెలికాప్టర్ తోకలో చిన్న రెక్కల చక్రం ఎందుకుందో కూడా ఇదే జవాబుతో పిల్లలే చెప్పేస్తారు.

లోపలికి వెళ్లాక ధ్వని పాఠం. ఈ విమానం సముద్రంలోకి తేలే పరికరాలను జారవిడిచేది. వాటిని సోనోబాయ్‌లు అంటారు. అవి నీళ్లలో శబ్దాలు విని రేడియో ద్వారా విమానానికి చెప్పేవి. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతే, సముద్రపు నీటిలో 1500 మీటర్లు పోతుంది. పైగా నీటిలో వెలుతురు కొద్ది దూరంలోనే ఆగిపోతుంది, ధ్వని మాత్రం చాలా దూరం పోతుంది. జలాంతర్గామిని కళ్లతో కాకుండా చెవులతో ఎందుకు వెతుకుతారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంకో చిట్కా ప్రశ్న తోక గురించి. ఇనుముతో చేసిన జలాంతర్గామి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా మారుస్తుంది, ఆ మార్పును పట్టే పరికరాన్ని తోక మీద పెడతారు. తోక మీదే ఎందుకు? విమానంలోని సొంత ఇనుము, కరెంటు తీగలు దానికి దూరంగా ఉండాలి కాబట్టి. పదో తరగతి పిల్లలు కాస్త ఆలోచిస్తే దీన్ని వాళ్లంతట వాళ్లే చెప్పగలరు.

రోడ్డు దాటితే ఐఎన్‌ఎస్ కుర్సుర. 2001 దాకా సేవలో ఉండి, 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి. విమానాన్ని, జలాంతర్గామిని ఒకే పూటలో చూపించే అవకాశం ఎక్కడో గానీ దొరకదు. ఒకటి ట్యాంకుల్లో నీళ్లు నింపుకుని మునుగుతుంది, ఖాళీ చేసుకుని తేలుతుంది. రెండోది వేగంగా కదిలితేనే గాలిలో నిలబడుతుంది. కదలకుండా తేలేదానికి, కదిలితేనే తేలేదానికి తేడా పట్టుకుంటే ఆర్కిమెడిస్ సూత్రం ఎక్కడిదాకా పనికొస్తుందో తెలిసిపోతుంది. సముద్రం మీది నౌకలపై నిట్టనిలువుగా దిగగలిగిన సీ హారియర్ యుద్ధ విమానాన్ని కూడా ఆ బీచ్ రోడ్డులోనే ప్రదర్శనకు పెట్టారు. టైముంటే దాని పొట్ట పక్కన కిందికి తిరిగే నాలుగు గొట్టాలు చూపించండి.

విశాఖలో ఇబ్బంది ఒక్కటే. విమానం లోపల, కుర్సుర లోపల దారి ఇరుకు. క్లాసంతా ఒకేసారి వెళ్తే ముందువాళ్లకే కనిపిస్తుంది, వెనకవాళ్లు ముందువాళ్ల వీపులు చూసి వస్తారు. సగం మందిని విమానానికి, సగం మందిని జలాంతర్గామికి పంపి, తర్వాత మార్చండి. శని, ఆదివారాలు వద్దు. వారపు సెలవు ఏ రోజో బుక్ చేసేముందు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ వినిపించే వివరణలో చరిత్ర, సాహసం ఎక్కువ, సూత్రాలు తక్కువ. కాబట్టి ప్రశ్నపత్రం మీరే తయారుచేసుకుని వెళ్లాలి.

బెంగళూరు: ఇంజన్ పొట్ట విప్పి చూడాలంటే

రాయలసీమ స్కూళ్లు విశాఖ గురించి ఆలోచించనక్కర్లేదు. హిందూపురం, అనంతపురం, చిత్తూరు, మదనపల్లె నుంచి బెంగళూరు తెల్లవారి వెళ్లి రాత్రికి తిరిగి రాగల దూరం. పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో హెచ్‌ఏఎల్ అనే విమాన తయారీ సంస్థ మ్యూజియం, హెరిటేజ్ సెంటర్ ఉంది. 2001లో మొదలైంది. విశాఖలో ఒకే విమానాన్ని లోతుగా చూస్తారు. ఇక్కడ మన దేశంలో విమానాల తయారీ ఎలా ఎదిగిందో 1940 నుంచి వరసగా చూస్తారు. ఆరుబయట మారుత్, కిరణ్, అజీత్, మిగ్-21 లాంటివి నిలబెట్టి ఉంటాయి.

నా దృష్టిలో ఇక్కడి అసలు సంపద ఇంజన్ల హాలు. కోసి లోపలి భాగాలు కనిపించేలా పెట్టిన జెట్ ఇంజన్లు ఉంటాయి. ముందు గాలిని లోపలికి లాగే రెక్కలు, ఆ గాలిని నొక్కి పెట్టే వరసలు, ఇంధనం మండే గది, వేడి వాయువు తాకి తిరిగే టర్బైన్, చివర గొట్టం. టర్బైన్ తిరిగితేనే ముందున్న వరసలు తిరుగుతాయి, ఎందుకంటే రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ముందు వరసలు గాలిని అందిస్తేనే మంట మండి టర్బైన్ తిరుగుతుంది. మరి మొదట ఏది తిరగాలి? ఈ ప్రశ్న వేసి పిల్లల్ని ఆ ఇంజన్ చుట్టూ వదలండి. బయటి నుంచి ఎవరో మొదట తిప్పిపెట్టాలి, అందుకే స్టార్టర్ కావాలి అన్న జవాబు దగ్గరికి కొందరైనా చేరతారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి ఈ ప్రశ్న రాదు.

మారుత్ దగ్గర ఇంకో పాఠం. జర్మన్ ఇంజనీరు కర్ట్ టాంక్ నాయకత్వంలో రూపుదిద్దుకుని 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరిన ఈ విమానం మన దేశంలోనే రూపొందించిన మొదటి జెట్ యుద్ధ విమానం. ఆకారం ధ్వనిని మించిన వేగానికి తగ్గట్టు గీశారు. కానీ దానికి తగ్గ బలమైన ఇంజన్లు దొరక్క తక్కువ బలమున్న ఆర్ఫియస్ ఇంజన్లతోనే నడిపించాల్సి వచ్చింది. అనుకున్న వేగం అందలేదు. ఇంజన్ నెట్టే బలం, గాలి నిరోధం, వేగం మధ్య సంబంధానికి ఇంతకంటే మనసుకు పట్టే ఉదాహరణ నాకు తెలియదు. ఒక దేశం సొంతంగా ఇంజన్ తయారుచేసుకోవడం ఎందుకు అంత ముఖ్యమో కూడా పిల్లలు ఇక్కడే అడుగుతారు.

సాయంత్రం టైముంటే కబ్బన్ పార్కు పక్కన విశ్వేశ్వరయ్య మ్యూజియానికి వెళ్లండి. రైట్ సోదరుల విమానానికి అసలు పరిమాణంలో చేసిన నమూనా ఉంది. 1903 డిసెంబరు 17న వాళ్ల మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. ఆ దూరం మన జెట్ విమానాల్లో కొన్నిటి రెక్కల పొడవు కంటే తక్కువ. అంతకు రెండేళ్ల ముందే వాళ్లు సొంతంగా ఒక గాలి సొరంగం చేసుకుని చిన్న చిన్న రెక్కల నమూనాలను వరసగా పరీక్షించి, అప్పటిదాకా అందరూ నమ్మిన లెక్కల్లో తప్పులున్నాయని తేల్చుకున్నారు. ధైర్యం గురించి ఎలాగూ చెప్తాం. ఈ కొలతల కథ కూడా తప్పకుండా చెప్పండి, సైన్స్ అంటే అదే కాబట్టి.

ఎంత లేదన్నా బెంగళూరు ట్రాఫిక్‌లో రెండు మ్యూజియాల మధ్య గంటకు పైగా పోతుంది. చిన్న తరగతులకు ఇది అలసట. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకే పెట్టుకోండి.

ఎవరూ పట్టించుకోని మంచి ట్రిప్: వాతావరణ బెలూన్

ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ కావాలనుకునే స్కూలుకు నేను బలంగా చెప్పేది ఇదే. హైదరాబాద్ బేగంపేట, మచిలీపట్నం, విశాఖల్లోని వాతావరణ శాఖ కేంద్రాల నుంచి పైగాలిని కొలిచే బెలూన్లు వదులుతారు. ప్రపంచమంతా ఈ పరిశీలనలకు పెట్టుకున్న సమయాలు మన గడియారంలో ఉదయం 5:30, సాయంత్రం 5:30. బెలూన్‌ను కాస్త ముందే వదులుతారు. మనిషంత ఎత్తున్న బెలూన్, దాని కింద దారానికి కట్టిన చిన్న పెట్టె. ఆ పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం రేడియోలో పంపిస్తూ ఉంటుంది. విమానాలకు పైగాలి సమాచారం అందే దారుల్లో ఇదొకటి.

పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి బెలూన్ ఉబ్బుతుంది. ఐదున్నర కిలోమీటర్ల ఎత్తుకే పీడనం సగానికి పడిపోతుంది. ముప్పై కిలోమీటర్ల దగ్గర దాదాపు నూరో వంతు. అక్కడికి చేరేసరికి బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. విమానం లోపల గాలిని ఎందుకు నొక్కి ఉంచాలో, చెవులు ఎందుకు దిబ్బడేస్తాయో, లేస్ ప్యాకెట్ ఎందుకు ఉబ్బుతుందో అన్నీ ఈ ఒక్క బెలూన్‌తో చెప్పేయొచ్చు. కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుందని చెప్పి, నేల మీద 30 డిగ్రీలుంటే విమానాలు పోయే 11 కిలోమీటర్ల ఎత్తులో ఎంతుంటుందో లెక్క కట్టమనండి. మైనస్ 41 దాకా వస్తుంది. ఆ రోజు నిజంగా ఎంతుందో కేంద్రంలోని అధికారిని అడిగి పోల్చుకోవచ్చు. తన లెక్క, నిజమైన కొలత పక్కపక్కన చూసుకున్న పిల్లవాడికి సైన్స్ మీద వచ్చే నమ్మకం వేరు.

ముందుగా లేఖ రాసి అనుమతి తీసుకోవాలి. మార్చి 23 ప్రపంచ వాతావరణ దినోత్సవం, ఆ రోజుల్లో ఈ కార్యాలయాలు పిల్లల్ని ఆహ్వానించడం ఎక్కువ. కాకపోతే పదో తరగతికి అది పరీక్షల కాలం. ఏడు, ఎనిమిది తరగతులకు సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్ వాళ్లకు ఇంకో మాట: టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం మన నగరంలోనే ఉంది. పరిశోధన పరికరాలను భారీ బెలూన్లకు కట్టి పైకి పంపేది అక్కడి నుంచే. అప్పుడప్పుడు తెలంగాణ పొలాల్లో వింత పరికరం దిగిందన్న వార్తల్లో కొన్ని వీళ్లవే. బెలూన్ పాఠానికి ఆ వార్తల కటింగులు తోడు పెట్టుకోండి.

దగ్గర్లోని ఎయిర్‌పోర్టు

గన్నవరం, రేణిగుంట, మధురపూడి, కడప, ఓర్వకల్లు, శంషాబాద్. ఏదో ఒకటి చాలా స్కూళ్లకు బస్సు దూరంలోనే ఉంటుంది. లోపల చూపించడం భద్రతా నియమాల మీద, అక్కడి డైరెక్టర్ అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. దొరికినా ఎక్కువగా చూపేది టెర్మినల్. చెక్-ఇన్ కౌంటర్లు, బ్యాగులు పోయే బెల్టు చూస్తే సరదాయే గానీ సైన్స్ పెద్దగా ఉండదు. అగ్నిమాపక విభాగాన్ని చూపించమని లేఖలోనే అడగండి, అది పనికొచ్చే భాగం.

నిజానికి ఎయిర్‌పోర్టు పాఠం రన్‌వే మీద ఉంది. శంషాబాద్ రన్‌వే మీద ఒక కొసన 09, రెండో కొసన 27 అని ఉంటాయి. పక్కన సున్నా పెట్టుకుంటే 90, 270 డిగ్రీలు, అంటే తూర్పు, పడమర. దిక్సూచి పాఠం అయిపోయింది. విమానం గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. కాబట్టి ఈ రోజు విమానాలు ఎటు నుంచి ఎటు దిగుతున్నాయో చూస్తే గాలి ఎటు వీస్తోందో పిల్లలే చెప్పాలి. నైరుతి రుతుపవనాల కాలంలో ఒకలా, చలికాలంలో ఇంకోలా ఎందుకుంటుందో సోషల్ మాస్టారితో కలిసి చెప్పొచ్చు.

దిగే విమానం చక్రాలు నేలను తాకగానే చిన్న పొగ లేస్తుంది. ఆ క్షణం వరకు చక్రం తిరగడం లేదు, నేల మాత్రం గంటకు రెండొందల కిలోమీటర్లకు పైగా వెనక్కి పోతోంది. ఒక్కసారిగా ఘర్షణ పట్టుకుని చక్రాన్ని తిప్పేలోపు రబ్బరు కాలుతుంది. ఘర్షణ పాఠం చెప్పిన వారంలో ఇది చూపిస్తే మరిచిపోరు. ఒక్క జాగ్రత్త: ప్రహరీ పక్కన గుంపుగా ఆగి టెలిస్కోపులు, కెమెరాలు తీస్తే భద్రతా సిబ్బంది అడ్డుపడతారు, అది వాళ్ల పని. ముందే చెప్పి, వాళ్లు చూపిన చోటే ఆగండి. లేజర్ లైట్లు, గాలిపటాలు, డ్రోన్లు దగ్గరికి కూడా రానివ్వొద్దు.

ఎయిర్‌షో, శ్రీహరికోట

బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా, యలహంకలో రెండేళ్లకోసారి జరిగే ఏరో ఇండియా చూసిన పిల్లలు చాలా కాలం మరిచిపోరు. బీదర్ నుంచి వచ్చే వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ ఎగిరితే పెద్దవాళ్లకే ఒళ్లు పులకరిస్తుంది. కానీ పాఠంగా చూస్తే నాకు ఇది ఆఖరి ఎంపిక. ఎండ, జనం, చెవులు హోరెత్తే శబ్దం, ఏ టీచరూ గొంతు వినిపించలేరు. వెళ్తే ఒక్క పనే పెట్టుకోండి: విమానం కనిపించిన చోటుకీ, శబ్దం వస్తున్నట్టు అనిపించే చోటుకీ తేడా గమనించమనండి. మూడు కిలోమీటర్ల దూరంలోని విమానం శబ్దం మనకు చేరడానికి దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది.

నెల్లూరు, తిరుపతి జిల్లాల వాళ్లకు శ్రీహరికోట దగ్గర. ప్రయోగాలను చూసేందుకు 2019లో గ్యాలరీ తెరిచారు. జెట్ ఇంజన్ గాలిలోని ఆక్సిజన్ వాడుకుంటుంది, రాకెట్ దాన్ని తనతోనే మోసుకెళ్తుంది. ఈ ఒక్క తేడా చెప్పడానికి అంతకంటే గొప్ప చోటు లేదు. ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి కాబట్టి బస్సు, బస, భోజనాలు అన్నీ దాని మీదే పెట్టుకోవద్దు.

వెళ్లేముందు రెక్క పాఠం సరిచేసుకోండి

ఏ ట్రిప్‌కి వెళ్లినా "విమానం ఎలా ఎగురుతుంది" అని ఎవరో ఒకరు అడుగుతారు. మనలో చాలామంది చెప్పే జవాబు: రెక్క పైభాగం వంపుగా ఉంటుంది, పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలిని చివర్లో కలుసుకోవాలి కాబట్టి వేగంగా పోతుంది, అందువల్ల పీడనం తగ్గుతుంది. ఇందులో చివర్లో కలుసుకోవాలన్న మాట తప్పు. అలాంటి నియమమేదీ లేదు. కొలిచి చూస్తే పై గాలి కింది గాలి కంటే ముందే చివరికి చేరుతుంది. చదునైన కాగితం విమానం ఎగురుతుంది, యుద్ధ విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి. రెక్క గాలికి కాస్త పైకెత్తిన కోణంలో పోతూ గాలిని కిందికి మళ్లిస్తుంది, ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైన పీడనం తక్కువ, కింద ఎక్కువ అన్నది నిజమే. ఈ రెండూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెప్పడమే.

దీన్ని క్లాసులోనే చూపించొచ్చు. టేబుల్ ఫ్యాన్, వంటింటి డిజిటల్ కాటా, ఒక మందపాటి అట్ట చాలు. అట్టను బరువున్న దిమ్మకు పుల్లతో గుచ్చి కాటా మీద నిలబెట్టండి, ఫ్యాన్ గాలి అట్ట మీద పడాలి గానీ కాటా పళ్లెం మీద పడకూడదు. ఫ్యాన్ వైపు అంచు కొద్దిగా ఎత్తితే కాటా చూపే బరువు తగ్గుతుంది. ఇంకా ఎత్తితే ఇంకా తగ్గుతుంది. కోణం మరీ ఎక్కువైతే పైకెత్తే బలం పడిపోయి బరువు మళ్లీ పెరుగుతుంది. కోణం, గ్రాములు రెండు వరసల్లో రాసి గ్రాఫు గీయించండి. ఈ గ్రాఫు గీసిన పిల్లలను టీయూ-142 రెక్క ముందు నిలబెడితే అడిగే ప్రశ్నలే వేరు.

ఎవరికి ఏది

ఆరు, ఏడు తరగతులకు దగ్గర్లోని ఎయిర్‌పోర్టు లేదా బెలూన్ కేంద్రం, ఒక్క పూట. ఎనిమిది, తొమ్మిది తరగతులకు శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా విశాఖ. కృష్ణా, గుంటూరు వాళ్లకు మచిలీపట్నం బెలూన్ చాలు, రాత్రి బస పెట్టుకోగలిగితే విశాఖ. రాయలసీమ పెద్ద తరగతులకు బెంగళూరు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు బేగంపేట బెలూన్, శంషాబాద్ రన్‌వే రెండూ కలిపితే మంచి రోజు. బిర్లా సైన్స్ మ్యూజియం బాగుంటుంది గానీ విమానాల కంటే అంతరిక్షం వైపు మొగ్గు ఎక్కువ. ఉత్తర తెలంగాణ వాళ్లు రెండు రోజులు పెట్టి విశాఖ పోవడం కంటే ఒక రోజు హైదరాబాద్ రావడమే మేలంటాను, మిగిలిన డబ్బుతో ఇంకో తరగతిని తీసుకురావచ్చు.

బస్సు ఖర్చు భరించలేని స్కూలుకు ఫ్లైట్‌రాడార్24 యాప్ ఉంది. స్కూలు మీదుగా పోయే విమానం ఎత్తు, వేగం అందులో కనిపిస్తాయి. కోణమానిని, దారం, చిన్న బరువుతో ఎత్తు కోణం కొలిచే సాధనం పిల్లలే చేసుకోవచ్చు. పదో తరగతి త్రికోణమితిలో జెట్ విమానం ఎత్తు కోణం 60 డిగ్రీల నుంచి 30కి మారే లెక్క ఉంటుంది కదా, దాన్ని ఆట స్థలంలో నిలబడి నిజమైన విమానంతో చేయించండి. తమ లెక్కలో వచ్చిన వేగాన్ని యాప్ చూపించే వేగంతో పోల్చుకుని, తేడా ఎందుకొచ్చిందో వాదించుకోనివ్వండి.

అనుమతుల లేఖ నెల ముందే పంపండి. అందులో తరగతి, పిల్లల సంఖ్య, వెంట వచ్చే టీచర్లతో పాటు ఏ పాఠం కోసం వస్తున్నారో కూడా రెండు వాక్యాలు రాయండి. లేఖలో పాఠం పేరు కనబడితే అవతలివాళ్లు దానికి తగ్గ మనిషిని చూపించడానికి పెట్టే అవకాశం ఎక్కువ.